అర్థాలు మిగిలాయి

వనపర్తి బస్టాండు వెనక ఒక డీటీపీ షాపులో నేను తెలుగు టైపు చేసేదాన్ని. పెళ్లి పత్రికలు, ఎరువుల దుకాణాల కరపత్రాలు, సంతాప సభల పోస్టర్లు. తొంభైల చివర్లో ఆ పనికి కాస్త గౌరవమే ఉండేది. షాపు యజమానిని సేటు అనేవాళ్లం. ఆయన నగరంలో కొన్న తెలుగు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి వేలెడంత ప్లాస్టిక్ తాళం ఒకటుండేది. దాన్ని కంప్యూటర్ వెనక గుచ్చితేనే తెలుగు వచ్చేది, పీకితే తెర నిండా పిచ్చిగీతలు. నా భాష నేను రాసుకోవడానికి ఇంకెవడిదో తాళమేమిటని అక్కడ ఎవరూ అడగలేదు.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక రిటైర్డు తెలుగు సారు ఆదివారం ఆదివారం బస్సులో వచ్చేవారు. కొల్లాపూర్, ధరూర్ దిక్కు ఊళ్లు తిరిగి, పల్లి చేన్లలో ముసలమ్మల పక్కన కూర్చుని, ఏ నిఘంటువులోనూ లేని మాటలు ఏరుకొచ్చిన మనిషి. కృష్ణలో నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డుకు ఒక్కో పేరు. ఈనబోయే బర్రె నడకకు ఒక పేరు. ఆయన చదువుతుంటే నేను టైపు చేసేదాన్ని. ఒక మాటకు నాకు నవ్వొస్తే, ‘నవ్వకు బిడ్డా, గిది చెప్పినామెకు పండ్లు లెవ్వు. మల్ల మల్ల అడిగితెగాని నాకు సమజ్ కాలే’ అన్నారు. మాటలన్నీ లావు అక్షరాల్లో, పూల ఫాంటులో ఉండాలని, అర్థాలు మామూలు అక్షరాల్లో చాలని ఆయన ముచ్చట. అట్లాగే చేశాను.

పుస్తకమంతా ఫ్లాపీల్లోకి ఎక్కింది, అచ్చుకు పోవడమే మిగిలింది. ఇంట్లో చేతిరాత కాగితాలకు చెదలు పడితే, ‘కంప్యూటర్ల పదిలంగున్నయి గద’ అని సారు వాటిని నీళ్లపొయ్యిలో పెట్టేశారు. షాపులో దిద్దిన ప్రూఫులు ఎప్పటిలాగే బజ్జీల బండికి పోయాయి.

ఆ వానాకాలం పిడుగు పడింది. కంప్యూటర్ బతికింది, తాళం మాడిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ రకం తాళాలు ఇప్పుడు చేయడం లేదు, కొత్త ప్యాకేజీ కొనుక్కోండి అన్నారు. అది పాత ఫైళ్లు తెరుస్తుందా అంటే, తెరవదట. గద్వాలలో ఇంకో షాపులో మా ప్యాకేజీయే ఉందని తెలిసి ఫ్లాపీలు పట్టుకుని పోయాను. ఏ తాళంతో రాసింది ఆ తాళానికే తెరుచుకుంటుందని అక్కడ తెలిసింది. ఫైలు లోపల అక్షరాలన్నీ అంకెలుగానే ఉంటాయి కదా, ఏ అక్షరానికి ఏ అంకె పెట్టారో చెప్పండి, తంటాలు నేను పడతానని మళ్లీ ఫోన్‌లో బతిమాలాను. అది వ్యాపార రహస్యం అన్నాడు ఫోన్ ఎత్తినవాడు. మా ముసలమ్మల మాటలు వాడి రహస్యం ఎట్లా అయ్యాయి? తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడే ఒక కంప్యూటర్ పత్రికతో పాటు లినక్స్ అనే కంప్యూటర్ సిస్టం సీడీ ఉచితంగా వచ్చింది. సేటు మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో వేసుకున్నాను. ‘ఉట్టిగ వస్తె నాకొకటి, మా తమ్మునికొకటి అన్నట్టుంది నీ కత’ అని సేటు ఎగతాళి చేశాడు. పైసలు పోసి కొన్నదాని బతుకేమైందో ఆయనకు కనబడనే లేదు. ఈ సిస్టానికి తాళం లేదు. దాన్ని ఎట్లా తయారుచేశారో అంతా బాహాటంగా రాసి పెట్టారు. విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకూ ఇవ్వచ్చు. ఏ ఫైలునైనా అంకెలుగా పరిచి చూపే పనిముట్లు, ఒక అంకె బదులు ఇంకోటి పెట్టే పనిముట్లు దాంతోపాటే వచ్చాయి. వాటిని వాడే పద్ధతీ అందులోనే ఉంది. నేర్చుకుంటున్నంతసేపూ సంతోషం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది. ఇట్లా కూడా చేయగల మనుషులు లోకంలో ఉన్నారు. మాకు మాత్రం తాళాలవాళ్లు దొరికారు.

టేబులు సొరుగులో ఒకే ఒక్క ప్రూఫు పేజీ మిగిలి ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని ఏ అంకె ఏ అక్షరమో పోల్చుకుంటూ పోయాను. మామూలు అక్షరాలు తొందరగానే లొంగాయి. కొన్ని దొరికితే మిగతావి వాక్యాన్నిబట్టి ఊహించాను. అర్థాలన్నీ బయటపడ్డాయి. పూల ఫాంటుకు మాత్రం ప్యాకేజీవాళ్లు వేరే అంకెలు పెట్టారు. ఆ పేజీలో ఉన్న నాలుగైదు మాటల అక్షరాలే తెలిశాయి. మిగతావి ఊహిద్దామంటే అవి ఎక్కడా లేని మాటలాయె. తెలియనిచోటల్లా చుక్కలు పెట్టాను.

ఆ కాగితాలు తీసుకుని నాగర్‌కర్నూల్ పోయాను. సారు అద్దాలు పెట్టుకుని చుక్కల మీద వేలు పెట్టి నడుపుతూ చదివారు. కొన్ని మాటలు ఆయనకు గుర్తొచ్చాయి, రాసుకున్నాను. చాలా వాటికి తల అడ్డంగా ఊపారు. ఒకచోట వేలు ఆగిపోయింది. అక్కడ మాట మొత్తం చుక్కలే. ఎదురుగా అర్థం మాత్రం శుభ్రంగా ఉంది: ‘బిడ్డకు పాలు మాన్పించినాక తల్లికి వచ్చే జ్వరం.’

చాలాసేపు పెదాలు కదుపుతూ కూర్చున్నారు.

‘చెప్పినామె ఏ ఊరు సార్? పోయి అడిగొస్తా’ అన్నాను.

‘యాడికి పోతవ్ బిడ్డా’ అన్నారు సారు. ‘గిది మా అమ్మ మాట.’