సీతాఫలం చెట్టుకు చూపిన గొడ్డలి

నిన్న సాయంత్రం పెరట్లో, టైల్సు పరచగా మిగిలిన కాస్త మట్టిలో పెరిగిన సీతాఫలం చెట్టు దగ్గర నిలబడి, మనవరాలి రంగుల కుంచెతో ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు రాస్తుంటే, గోడవతల నుంచి పక్కింటావిడ చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. రిటైరైన బోటనీ లెక్చరర్లకు ఆమాత్రం గౌరవం ఇంకా దక్కుతోంది.

నాకైతే రాజోలు దగ్గర మా దొడ్డమ్మ పెరడు గుర్తొచ్చింది. డిగ్రీ అయి, కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. దొడ్డమ్మ పెళ్లై వస్తూ మెట్టప్రాంతంలోని పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్న సీతాఫలం మొక్క అప్పటికి పెద్ద చెట్టయింది. పుట్టిల్లు మాత్రం అమ్ముడుపోయి ఆనవాలు లేకుండా పోయింది. అటువైపు నుంచి ఆవిడకు మిగిలింది ఆ చెట్టొక్కటే. ఏటా విరగబూసేది, ఒక్క కాయ నిలిచేది కాదు. పెదనాన్నగారు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు, అంటే ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని ఆయన దాన్ని వదల్లేదు. రాలిన ఆకును రాలినట్టే కాల్చేసేవారు, మొదళ్లలో పురుగుల పొడి చల్లేవారు. ఆ పెరట్లో చీమ కూడా అనుమతి తీసుకుని నడిచేది.

కాయని చెట్టుకు గొడ్డలి చూపించడం మావైపు అలవాటు. ఒకరు నరుకుతానని ఎత్తాలి, ఇంకొకరు వచ్చే ఏడు కాస్తుందని బతిమాలాలి, చెట్టు విని సిగ్గుపడాలి. ఏటా ఆయన ఎత్తేవారు, దొడ్డమ్మ బతిమాలేది. ఆ ఏడు మాత్రం చర్చిలో ఆదివారం ఆరాధన నుంచి దొడ్డమ్మా నేనూ వచ్చేసరికి చెట్టు పక్కన కొబ్బరిమొక్కకు గొయ్యి తీసి ఉంది. దొడ్డమ్మ బతిమాలడం పూర్తయ్యాక కూడా పెదనాన్నగారు గొడ్డలి దించలేదు. మొదటి దెబ్బ వేసేశారు. బెరడు లేచి తెల్లటి చెక్క కనిపించింది. దొడ్డమ్మ మొహం చూసి నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. అంత ధైర్యం నాకు అంతకుముందు లేదు, తరవాతా రాలేదు.

నిలబడ్డ చోటే పాఠం చెప్పాను: సీతాఫలం పూలజాతుల్లో చాలా పాత వంశమని, తేనెటీగలు ఇంకా ఉద్యోగంలో చేరకముందు ఆ బాధ్యత చిన్న చిన్న పెంకుపురుగులదేనని, ఈ వంశానికి ఇప్పటికీ వాటి మీదే నమ్మకమని, పువ్వు మొదట ఆడపువ్వుగా విచ్చి, పుప్పొడి ఆ తరవాతే రాలుస్తుంది గనక తనది తనకు అక్కరకు రాదని, మిగలపండిన పండు వాసనతో పిలిస్తే, కుళ్లిన పళ్లలో పెరిగే ఆ పురుగులే వచ్చి దూరి, ఒంటినిండా పుప్పొడి పూసుకుని మరో పువ్వుకు మొయ్యాలని.

“అయితే నా పెరట్లో కుళ్లు పోగేసి పురుగుల్ని మేపమంటావట్రా?”

“ఆయ్, అంతేనండి.”

“నీకు డిగ్రీ ఎవరిచ్చేర్రా?”

“ఈ పూత రాలేదాకా ఆగండి,” అంది దొడ్డమ్మ. “అప్పటికీ కాయకపోతే నేనే దగ్గరుండి నరికిస్తాను.”

మురిగిన పనసపండు తెచ్చి చెట్టుకింద పోశాను. పొడి డబ్బా అటకెక్కింది. కొబ్బరిమొక్క గోతి పక్కనే కాచుక్కూర్చుంది. వాసనకు చుట్టాల రాకపోకలు తగ్గాయి, ఆ లాభం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పొద్దున్నే రాలిన పూలు ఏరుతూ దొడ్డమ్మ నా మొహంలోకి చూసేది. కాలేజీ నుంచి వస్తూనే నేను వేలాడే పూల మందపాటి రేకలు విప్పి చూసేవాణ్ణి, ఖాళీ. పూత పలచబడుతోంది. పెదనాన్నగారు గొడ్డలికి సాన పట్టించారు, కట్టెల కోసమేనన్నారు.

ఇక కింది కొమ్మ పూలే మిగిలాయనగా, ఒక సాయంత్రం రేక విప్పితే లోపల నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు కదులుతున్నాయి. దొడ్డమ్మను పిలిచి చూపిస్తున్నానో లేదో, ఇక వాసన భరించలేక పెదనాన్నగారు డబ్బా దించుకుని రానే వచ్చారు. ఏనాడూ ఆయనకు ఎదురుచెప్పని దొడ్డమ్మ వెళ్లి ఆ పనస కుళ్లు పక్కనే చతికిలబడింది.

“చల్లండి. నామీద కూడా చల్లండి.”

డబ్బా మళ్లీ అటకెక్కింది.

రేకలు రాలాక కొన్ని తొడిమలకు మిరియపు గింజంత పచ్చటి పిందెలు నిలిచాయి. పళ్లు చేతికొచ్చాక పెదనాన్నగారు వీధంతా పంచిపెట్టి, గొడ్డలి దెబ్బకు దారికొచ్చిందని చెప్పుకున్నారు. దొడ్డమ్మ, నేను, పురుగులు ఎవరమూ కాదనలేదు.

ఇప్పుడు అందరి పెరళ్లూ పెదనాన్నగారి పెరడంత శుభ్రమైపోయాయి. కుళ్లే పండు లేదు, దూరే పురుగు లేదు. కళ్లజోడు సర్దుకుంటూ నేను కుంచెతో పడే అవస్థ ఆ నువ్వుగింజంత జీవి చూస్తే జాలిపడుతుంది. పోనీ గొడ్డలే చూపిద్దామనుకున్నాను. ఎత్తడానికి నేనున్నాను, వద్దండీ, వచ్చే ఏడు కాస్తుంది అని అడ్డుపడే మనిషే లేదు.