అమ్మ నామినేషన్

కల్లూరు బస్టాండులో మిరపకాయ బజ్జీల వాసన తగిలితే నాకు ఇప్పటికీ అమ్మ నామినేషన్ వెనక్కి తీసుకున్న రోజు గుర్తొస్తుంది.

మంచినీళ్ల కోసం అమ్మతో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లే ఆమెను సర్పంచి ఎన్నికల్లో నిలబెట్టారు. అదే పదవికి మా పెదనాన్న కూడా పోటీలో ఉన్నాడు.

ఆ రోజు నాన్న, పెదనాన్న అమ్మను జీపులో కల్లూరు తీసుకెళ్తుంటే నేనూ సంబరంగా ఎక్కాను. దారిలో నాన్న అమ్మతో మెల్లగా అన్నాడు.

"సంతకం పెడ్తవా, తల్లిగారింటికి పోతవా?"

"అమ్మమ్మ ఇంటికే పోదామమ్మా" అన్నాను నేను.

అమ్మ నా వైపు చూసింది. ఆఫీసులో సంతకం పెట్టింది. తర్వాత పెదనాన్న నాకు బజ్జీలు కొనిచ్చాడు.

సాయంత్రం ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు.

"ఎందుకు తప్పుకున్నవక్కా?"

నాన్న అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నాకే పానం మంచిగుంటలేదు" అంది అమ్మ.

అమ్మకేదో పెద్ద జబ్బు చేసిందని నేను చాలా రోజులు భయపడ్డాను. ఏ జబ్బూ లేదని పెద్దయ్యాక అర్థమైంది. కానీ ఆ తర్వాత అమ్మ నీళ్ల కోసం కూడా ఎవరినీ అడగడానికి వెళ్లలేదు.