పాంథియన్‌లో లింగం

షాంటిలీలోని మా ఇంట్లో దసరాకి నా భార్య బొమ్మల కొలువు పెడుతుంది. దేవుణ్ణి నమ్మని నేను మెట్లు బిగించి ఇచ్చి తప్పుకుంటాను. ఆ ఏడు మాత్రం దగ్గరుండి సాయం చేశాను. కొలువు పక్కన ఎప్పుడూ వేసే పల్లెటూరికి బదులు ఆవిడ పురాతన రోములోని కాంపస్ మార్షియస్ అనే పేటను కట్టింది మరి. ఆవిడ సివిల్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. వేసవంతా కూర్చుని రోమన్ల గుడి పాంథియన్ గుమ్మటం, నాటకశాల, స్నానశాలలు, పౌరులు ఓట్లు వేసే ఆవరణ, అన్నీ కొలత తప్పకుండా అట్టతో నిలబెట్టింది. గుమ్మటం నడినెత్తిన ఆకాశం కనిపించే కన్ను, అందులోంచి పడే వాన పోవడానికి నేలలో బెజ్జాలు కూడా పెట్టింది.

పేరంటానికి మా తెలుగు సంఘం అధ్యక్షుడు భార్యతో వచ్చాడు. మేమిద్దరం వంటింట్లో శనగలు పొట్లాలు కడుతుంటే, పై మెట్టు మీది చిన్న శివలింగాన్ని తీసి గుమ్మటం కన్నులోంచి లోపలికి దించాడు. "ఇది ఒరిజినల్‌గా మన శివాలయం. మన మేడమ్‌గారు రీసెర్చ్ చేసి ప్రూవ్ చేశారు" అంటూ వీడియో తీసి సంఘం గ్రూపులో పెట్టాడు. తీసేయమని నా భార్య ఫోన్ చేస్తే, "పేరొస్తుంటే వద్దంటారేంటమ్మా" అన్నాడు.

"నా పేరు మీద అబద్ధం తిరుగుతోంది. ఇక నేనేదీ కట్టను" అంది ఆవిడ. అతన్ని నలుగురిలో నిలబెట్టి కడగాలని నేను ఆ రోజే అనుకున్నాను.

ఉగాది సభలో అతని ప్రసంగం రోములోని మన ఆలయాల గురించే. పాంథియన్ నమూనా పట్టుకెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ప్రసంగం అవగానే దాన్ని వేదిక ముందు బల్ల మీద పెట్టి, సీసాతో కన్నులోంచి నీళ్లు పోసి, "శివాలయమైతే గర్భగుడిలో వాన కురవనిస్తారా?" అని అడిగాను. నీళ్లు బెజ్జాల్లోంచి బల్ల మీదకు కారాయి.

"అభిషేకం నీళ్లు ఎటు పోవాలి మాస్టారూ? ఆ తూములు దానికే" అన్నాడు. హాలంతా చప్పట్లు. కుర్రతనం నుంచీ వాదసభల్లో తిరిగినవాణ్ణి, జేబురుమాలు తీసి బల్ల తుడవడం మొదలుపెట్టాను.

నా వెనక నా భార్య లేచింది. "దీని పక్కనే ఓట్లేసే ఆవరణ ఉండేది. అదీ మనవాళ్లదేనా అండీ?"

"సందేహమా? ఆ ఏరియా అంతా మనదే. ప్రజాస్వామ్యం మనం నేర్పిందే."

"మరి మన సంఘంలో ఎన్నికలెప్పుడు? మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడూ మీరే ప్రెసిడెంటు. దానికి పెళ్లయి పిల్లలు పుట్టారు, ఇప్పుడూ మీరే."

వెనక వరసలోంచి ఒక కుర్రాడు, "పెట్టుండ్రి అన్నా, అంత మనదే అంటిరి గద" అన్నాడు. ఈసారి నవ్వులు ఆగలేదు.

ఎన్నికలు పెట్టక తప్పలేదు. ఓడిపోయాడు. "సరదాకి చేసినదానికి ఇంత పగేంటండీ" అని నాకు ఫోన్ చేశాడు. "మేమూ సరదాకే ఓడించాం" అన్నాను. లింగం తనే పెట్టానని అదే గ్రూపులో రాస్తే గాని మా గడప తొక్కవద్దన్నాను. వదిలేయమని మిత్రులు అంటారు. నేను వదలను. అబద్ధం చెప్పినవాడు తప్పించుకోవడం, ఎవరి పేరున చెప్పాడో వాళ్లు క్షమించడం, ఇదేం న్యాయం?

అతను రాయలేదు. ఆవిడ మాత్రం ఆ వేసవిలో మళ్లీ అట్ట కోయడం మొదలుపెట్టింది. దసరా పేరంటానికి అతని భార్యను పిలిచింది. ఆమె లోపల పసుపు కుంకుమలు తీసుకుంటున్నంతసేపూ అతను మా డ్రైవ్‌వేలో, కారులోనే కూర్చున్నాడు. కొలువు దీపాలు అతనికి బాగా కనబడాలని కిటికీ తెర పూర్తిగా పక్కకు లాగాను.