కానుగ మొదట్లో తొలిబండ

మా అత్తగారిది వికారాబాద్. ఆ ఊరివాళ్లకు అనంతగిరి గుట్టలంటే కొంచెం ఎక్కువ గర్వం. వానాకాలం రాగానే పచ్చబడే ఆ గుట్టల మీద ఒక్కొక్క చెట్టును వాళ్లే నీళ్లు పోసి పెంచినట్టు మాట్లాడతారు. నేను తాండూరు పిల్లను. పెళ్లైన కొత్తలో మా ఆడబిడ్డ నన్ను ఉడికించడానికి ఒకటే మాట పట్టుకుంది.

"మీ తాండూరోళ్లకు జర మన్ను కనబడితే సాలు వదినా, బండ పరుస్తరు."

నేను ఊరుకునే రకం కాదు. "ముందుగాల నీ కాళ్ల కింద సూస్కో. గా బండ యాడికెల్లి వచ్చింది?" అనేదాన్ని. వాళ్ల వంటింట్లో పరిచింది మా ఊరి గనుల్లోంచి వచ్చిన నీలం బండే. ఆమె కిందికి చూసి నవ్వేసేది. కానీ ఆమె అన్న మాట ఒకనాడు అక్షరాలా నిజమవుతుందని, అది మా ఇంటికే వచ్చి చుట్టుకుంటుందని నాకప్పుడు తెలియదు.

వికారాబాద్‌వాళ్లు గుట్టల గొప్ప చెప్పినప్పుడల్లా నేను మా పార్కు గొప్ప చెప్పేదాన్ని. కాగ్నా ఏటి ఒడ్డున, పాత వంతెన దిగి ఎడమకు తిరిగితే వస్తుంది. గుట్టలు దేవుడు పెట్టినవి, అందులో వాళ్ల ప్రయోజకత్వం ఏముంది? మా పార్కు మనుషులు చేసింది. అదీ ఎలాంటి చోట చేశారో చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

నా చిన్నప్పుడు అక్కడ తెల్లటి దిబ్బలు ఉండేవి. బండకు పాలిష్ పట్టేటప్పుడు నీళ్లతో కలిసి కారే బురదను ట్రాక్టర్లకెత్తి తెచ్చి ఏటి ఒడ్డున పోసేవాళ్లు. ఎండితే అది పిండిలా లేచేది. గాలి తిరిగిందంటే వంతెన మీద పోయే బస్సుల్లో ఆడవాళ్లు కొంగులు, మగవాళ్లు తువ్వాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆ తెలుపు మధ్యన పచ్చగా కనిపించేది ఒక్కటే, ఒక పెద్ద కానుగ చెట్టు. బట్టలుతికేవాళ్లు దాని కిందే సద్దిమూటలు విప్పేవాళ్లు. బషీరాబాద్ వైపు నుంచి కందులు తెచ్చిన రైతులు మార్కెట్లో పని ముగించుకుని దాని నీడలోనే నడుం వాల్చేవాళ్లు. ఆకుల మీద వేలితో రాస్తే అక్షరాలు పడేంత దుమ్ము ఉండేది. ఒక్క వాన పడిందంటే మాత్రం కొత్త బట్టలు కట్టుకున్నట్టు మెరిసేది.

ఆ బురద పోసినవాళ్లలో మా నాయిన కూడా ఉన్నాడు. దాచడం దేనికి? ఆయనకు ఒక చిన్న యూనిట్ ఉండేది. ఒక కోత మిషన్, ఒక పాలిష్ మిషన్. ఊళ్లో సగం మంది బతుకు అదే. బురద ఎక్కడ పోయాలో ఎవరూ ఆలోచించలేదు. ఏరు ఉంది కదా అనుకున్నారు.

ఏరు కూడా ఏదో అనుకున్నట్టుంది. ఒక వానాకాలం కాగ్నా పొంగి ఆ బురదనంతా తిరిగి మా వీధుల్లోకే తెచ్చింది. గడపలు దాటి వంటిళ్లలోకి, బియ్యం డబ్బాల్లోకి వచ్చింది. మా అమ్మ రెండు చేతులతో ఆ తెల్లటి ముద్దను ఎత్తి నాయిన ముందు పెట్టి, "ఇగో, నీ సొమ్ము నీకే అప్పజెప్పింది ఏరు" అంది. ఊళ్లో ప్రతి ఇంట్లో ఇలాంటి మాటే పడి ఉంటుంది. నీళ్లు తీశాక యూనిట్లవాళ్లు అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఏ ట్రాక్టర్లతో పోశారో ఆ ట్రాక్టర్లతోనే ఎత్తారు. చేలల్లోంచి నల్లరేగడి తెచ్చి పరిచారు. మున్సిపాలిటీ గోడ కట్టి గేటు పెట్టింది. ఆ పనిలో హిందువులు, ముస్లింలు, యజమానులు, కూలీలు అని చూసుకోలేదు. నేను ఈ ఊరిని తిట్టినన్ని సార్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. అయినా ఆ ఎండాకాలం తలచుకుంటే ఇప్పటికీ నా గుండె పొంగుతుంది.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరైనా కొత్త గని తవ్వినా, కొత్త మిషన్ పెట్టినా, మొదట వచ్చిన మంచి బండను అమ్మరు. దాన్ని తొలిబండ అంటారు. నలుగురి కాళ్లు పడే చోట వేస్తారు. గుడి మెట్టుకో, మసీదులో కాళ్లు కడుక్కునే గట్టుకో, బడి వరండాకో. నలుగురి కాళ్ల కింద పడ్డ బండే ఇంటిని నిలబెడుతుందని నమ్మకం. ఒకసారి ఇచ్చిన తొలిబండను ఎత్తరాదు. ఎత్తితే ఇచ్చినవాడి చెయ్యి వెనక్కి విరిచినట్టే అంటారు.

మా నాయిన తొలిబండ చాలా ఏళ్లు మా పెరటి గోడకే ఆనించి ఉండేది. నీలం బండ, ఎక్కడా చార లేదు, మచ్చ లేదు. ఏ చోటు చూపించినా ఆయనకు నచ్చేది కాదు. గుడి మెట్టంటే "గాడ చానా ఉన్నయి" అనేవాడు. బడి అంటే "పోరగాండ్లు గీతలు గీస్తరు" అనేవాడు. అమ్మ విసిగి దాని మీద పిడకలు ఆరబెట్టడం మొదలుపెట్టింది. చివరికి పార్కు వచ్చాక ఆయనకు చోటు దొరికింది. కానుగ మొదలు.

వేరే ఏ ఊళ్లో పార్కు కట్టినా ముందు మొక్కలు పెడతారు. మావాళ్లు ముందు బండలు పరిచారు. నడిచే దారి వరకే అనుకున్నారు. కానీ తొలిబండ వేయడానికి ఇంత మంచి చోటు దొరికితే ఎవరు వదులుకుంటారు? ఒకరు నీలం తెచ్చారు, ఇంకొకరు పసుపు తెచ్చారు. దారి వాకిలి అయింది, వాకిలి మైదానం అయింది. చదరంగం గళ్లలా ఒకటి నీలం, ఒకటి పసుపు పరుచుకుంటూ కానుగ మొదలు దాకా, ఆ మధ్యలో నాటిన మొక్కల మొదళ్ల దాకా వచ్చేశారు. సందులు సిమెంటుతో మూసేశారు. మా నాయిన కానుగ మొదలును దారంతో కొలిచి, తన తొలిబండను చంద్రవంకలా కోసి, దర్జీ రవికె మెడ కుట్టినంత నేర్పుగా కాండానికి అతికించాడు. వేలు దూరే సందు కూడా వదల్లేదు. వచ్చినవాళ్లంతా ఆహా అన్నారు. నేనూ అన్నాను. నిజంగానే అందంగా ఉండేది.

ఆ పార్కు మా ఊరిని మార్చింది. పొద్దున నడిచేవాళ్లు, మధ్యాహ్నం పరీక్షలకు చదువుకునేవాళ్లు, సాయంత్రం ఊయలల దగ్గర పిల్లల గోల. ఇంటి నుంచి బురఖా వేసుకుని వచ్చే ఆడవాళ్లు, పసుపు గౌరమ్మల్లాంటి ముసలమ్మలు ఒకే బెంచీ మీద కూర్చుని కోడళ్ల మీద చెప్పుకునేవాళ్లు. ఆ విషయంలో రెండు మతాల అభిప్రాయమూ ఒకటే. కన్నడ సరిహద్దు అవతలి నుంచి ఆస్పత్రికి వచ్చినవాళ్లు బస్సు టైమయ్యేదాకా కానుగ కిందే ఉండేవాళ్లు. చోటు వెతుక్కుంటున్న ముసలామెను చూసి మా నాయిన జరిగి "ఇల్లి కుందర్రి" అనేవాడు. ఇక్కడ కూర్చోండి అని చెప్పే ఆ ఒక్క ముక్కే ఆయనకు వచ్చిన కన్నడం. ఆ తరువాత తెలుగులోకి దిగి, కాళ్ల కింది బండను వేలితో చూపించి, "గిది నాది" అని చెప్పేవాడు.

అలా చెప్పుకోవడానికి కారణం ఉంది. టైల్స్ వచ్చాక చిన్న యూనిట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా నాయినదీ మూతపడింది. మిషన్లు పోయాయి. యూనిట్ ఉన్న చోట ఇప్పుడు ఫంక్షన్ హాల్ ఉంది, అక్కడ ఆయన్ని గుర్తుపట్టేవాళ్లు లేరు. తన చేతి పని అని ఊళ్లో చూపించుకోవడానికి ఆయనకు ఆ చంద్రవంక బండ ఒక్కటే మిగిలింది.

కొన్నేళ్లకు కానుగ పాడవడం మొదలైంది. మాఘంలో ఆకు రాల్చి, ఉగాదికల్లా నూనె రాసినట్టు మెరిసే చిగురు వేసే చెట్టు, ఆ ఏడు ఉగాది దాటినా మోడుగానే ఉంది. కింద నీడ లేదు. నీడ లేకపోతే బండ ఊరుకుంటుందా, పెనంలా కాలింది. కూర్చునేవాళ్లు లేచిపోయారు. పొద్దున నడిచేవాళ్లు చెట్టు చుట్టూ చేరి వైద్యం మొదలుపెట్టారు. ఒకరు పురుగు మందు కొట్టించారు. ఒకరు కొమ్మలు నరకమన్నారు. ఇంకొకరు దిష్టి తగిలిందని నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి కాండానికి కట్టారు. పైనుంచి మొదలు దాకా అన్నీ చూశారు, వాళ్లు నిలబడ్డ చోటు తప్ప.

అమ్మ చూసింది. ఆమె పుట్టిల్లు కుల్కచర్ల దగ్గర, ఎవుసం చేసే ఇల్లు. నలుగురిలోనే అనేసింది: "మందులెందుకు, మన్నెందుకు? దానికి ఊపిరాడ్తలేదు. బండలు తియ్యుండ్రి."

అందరూ నాయిన వైపు చూశారు. చెట్టును చుట్టుకుని ఉన్నది ఆయన బండే. ఆయన తన బండ ఎత్తనిదే మిగతావాళ్లు తమవి ఎత్తరు. "తొలిబండ ఎత్తరాదు" అని ఒక్క మాట అని ఆయన ఇంటికి వచ్చేశాడు.

ఆ వారం మా పుట్టింట్లో అన్నం, కూర తప్ప మాటలు లేవు. అమ్మ ఫోన్ చేసి, "మీ నాయినకు చెట్టు సచ్చినా ఫికర్ లేదు, బండ ఉంటే సాలు" అంది. ఫోన్ ఆయనకిస్తే, "యూనిట్ పాయె. మిషన్లు పాయె. గదొక్కటే ఉన్నది బిడ్డా. గది గూడ ఎత్తమంటది మీ అమ్మ" అన్నాడు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది. ఆదివారం పొద్దున్నే తాండూరు రైలెక్కాను.

నేను వెళ్లేసరికి అమ్మ చేతిలో బిందె పట్టుకుని సిద్ధంగా ఉంది. నేను చెయ్యి పట్టుకుని లాగితే నాయిన కూడా కదిలాడు, ముగ్గురం పార్కుకు వెళ్లాం. నాయిన కొంచెం దూరంగా బెంచీ మీద, మొహం ఏటి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. అమ్మ బిందె నింపుకొచ్చి కానుగ మొదట్లో కుమ్మరించింది. నీళ్లు కాండాన్ని తాకి, నీలం బండ మీద, పసుపు బండ మీద నిగనిగలాడుతూ జారి, నాయిన కాళ్ల ముందు నుంచే ఏటి వైపు వెళ్లిపోయాయి. చెట్టు మొదట్లో తడి కూడా నిలవలేదు.

"సూస్తున్నవా?" అంది అమ్మ. "నీ పని మస్తు పక్కాగ చేసినవయ్యా. ఒక్క సుక్క గూడ తాగనిస్తలేదు."

ఆయన లేచి చెట్టు దగ్గరికి వచ్చి, వంగి, తాను మూసిన సందు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. తరువాత గేటు దాటి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాం. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఖాళీ బిందె పక్కన కూలబడింది.

ఆయన తిరిగి వచ్చినప్పుడు భుజం మీద గడ్డపార ఉంది. వెంట ఒకప్పుడు యూనిట్‌లో ఆయనతో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారు. వాళ్లు కూడా ఎత్తరాదనే అనుకుంటున్నట్టు మొహాలే చెబుతున్నాయి. ఎవరూ ముందుకు రాలేదు. నాయినే గడ్డపార సందులో దించాడు. సిమెంటు పటపట పగిలింది. బండ కొంచెం లేచి ఆగిపోయింది, ఏదో కిందినుంచి లాగుతున్నట్టు.

"ఆగుండ్రి" అన్నాడు నాయిన. మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించి కిందికి చూశాడు. నేనూ వంగి చూశాను.

బండ అడుగంతా వేర్లు. దారాల్లాంటి వేర్లు, మట్టిలోకి పోకుండా, బండకు కిందివైపు పట్టే చెమ్మ కోసం దాన్నే కరుచుకుని, వల అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. సందు ఎక్కడ ఉందో వెతుక్కుంటూ అంచుల దాకా వచ్చి, సిమెంటు తగిలి వెనక్కి తిరిగాయి.

మా నాయిన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యి బండ కిందికి పోనిచ్చి ఆ వేర్లను వేళ్లతో ఒక్కొక్కటే విడిపించాడు. "నా బండను ఎంత గట్టిగ పట్టుకున్నవే తల్లీ" అన్నాడు. "మెల్లగ లేపుండ్రి. వేరు తెగొద్దు."

లేపారు. పక్కకు జరుపుతుంటే ముసలివాళ్ల పట్టు తప్పి బండ నడిమికి రెండు ముక్కలైంది. అందరూ ఉలిక్కిపడి నాయిన వైపు చూశారు. ఆయన తల తిప్పలేదు. ఎండకు బయటపడిన వేర్ల మీద దోసిళ్లతో మట్టి కప్పుతున్నాడు. అమ్మ ఇంకో బిందె తెచ్చి పోసింది. ఈసారి నీళ్లు ఎటూ జారలేదు. గుటకలు వేసిన చప్పుడుతో అక్కడికక్కడే ఇంకిపోయాయి.

"ఇంకో బిందె తే బిడ్డా" అన్నాడు నాయిన. నేను ఏటికి పరుగెత్తాను.

తరువాత మిగతావాళ్లు కూడా మొదళ్ల దగ్గరి బండలు ఎత్తారు. ఆయన ఎత్తాక ఎత్తరాదని చెప్పే నోరు ఎవరికుంది? నడిచే దారి అలాగే ఉంది, చెట్టు చెట్టుకూ చుట్టూ మట్టి ఉంది. విరిగిన రెండు ముక్కలను నాయిన చేను హద్దుకు రాతి కడీలు పాతినట్టు కానుగకు అటొకటి ఇటొకటి నిలబెట్టాడు. మరుసటి ఉగాదికి రెండు కొమ్మలే చిగురేశాయి. పోయిన ఏడు చెట్టంతా పూసింది.

ఇప్పటికీ బస్సు కోసం ఆగినవాళ్లు నీడకు వస్తే నాయిన జరిగి "ఇల్లి కుందర్రి" అంటాడు. ఆ తరువాత "గిది నాది" అని చెబుతాడు. వేలు మాత్రం ఇప్పుడు కిందికి చూపించడు, పైకి చూపిస్తాడు.