మేకలు దాటని గద్దె

అట్లయితే మన ముత్తాతలందరికీ బుద్ధి లేదంటవా కాకా, అని నేను అడిగినదానికి ఇంతవరకూ జవాబు రాలేదు. జవాబు చెప్పకుండా పళ్ళెం పక్కకు నెట్టి, చెయ్యి కడుక్కుని, "నీతోని మాట్లాడుడే దండగ" అని బైక్ తీశాడు. నేనూ ఊరుకోలేదు. గేటు దాకా వెళ్ళి, "దండగ అయితే జవాబు చెప్పి పో" అని అరిచాను. పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు. చూడనీ.

కాకా అంటే మా నాన్న తమ్ముడు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో, మోతె దగ్గర ఉన్న మా లంబాడీ తండాలో వ్యవసాయం చేస్తాడు. నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లో. చైనాలో డాక్టరు చదువు ముగించి ఇప్పుడు సూర్యాపేటలో ఒక దవాఖానలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. కిరాయి గది ఉంది కానీ సెలవు దొరికితే తండాకే వస్తాను, మా దాది కోసం. దాది అంటే నాయనమ్మ.

గొడవ రాళ్ళ గురించి. మా తండా చివర వేపచెట్టు కింద ఏడు రాళ్ళు వరసగా ఉంటాయి. మాకు అవే సీత్లా తల్లి, ఆమె అక్కచెల్లెళ్ళు. పశువులకు, మేకలకు, పసిపిల్లలకు రోగాలు రాకుండా కాచే తల్లులు. ఆషాఢంలో ఒక మంగళవారం ఆడవాళ్ళు ఆ రాళ్ళను కడిగి, సున్నం పూసి, కుంకుమ పెట్టి, జొన్న గుగ్గిళ్ళు పోస్తారు. మేకను బలి ఇస్తారు. ఆ తర్వాత అసలు పని. బలి ఇచ్చిన చోటు మీదుగా, రాళ్ళ ముందు నుంచి తండాలోని మందనంతా దాటిస్తారు. మంద దాటితేనే పండగ అయినట్టు.

ఆ రాళ్ళు తీసేసి ఏడు విగ్రహాలు పెడతాననీ, గద్దె కట్టి టైల్స్ వేసి గ్రిల్ బిగిస్తాననీ కాకా పట్టుబట్టాడు. ఆయన దగ్గర కారణాలు ఉన్నాయి, లేవని అనను. పోయిన కోతలప్పుడు వరికోత మిషన్ వెనక్కి వస్తూ రెండు రాళ్ళను పడగొట్టింది. డ్రైవర్‌ను అడిగితే "గీడ గుడి యాడుందన్నా, రాళ్ళే గద" అన్నాడట. ఆ మాట కాకాకు గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంది. కానీ ఆ డ్రైవర్‌ను తిట్టాలి గానీ రాళ్ళను తీసేయడం ఏంటి?

ఆ రోజు కాకా వెళ్ళిపోయాక దాది నా మణికట్టు పట్టుకుంది.

"నేను బతికున్నన్ని దినాలు ఆ రాళ్లు కదలనియ్యకు బిడ్డా. వాని నోటికి నేను ఆగలేను."

"నేను ఆగుతనా దాదీ?"

"నీ నోరు వానిదానికంటే పెద్దది," అంది, మెచ్చుకుంటున్నట్టే.

సరే, మాట ఇచ్చాను. ఇచ్చాక వెనక్కి తగ్గే రకం కాదు నేను.

నాకు ఇంత కోపం ఎందుకో చెప్పాలంటే చైనా సంగతి చెప్పాలి. మా కాలేజీలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి నాకు క్యాంటీన్‌లో పరిచయమైంది. ఇద్దరం కారం ఎక్కువ వేయించుకునేవాళ్ళం, దోస్తీ అక్కడ కుదిరింది. ఆమె చియాంగ్ జాతి పిల్ల. సిచువాన్ కొండల్లో ఉంటారు వాళ్ళు. బయటివాళ్ళు చియాంగ్ అంటారు, వాళ్ళ భాషలో వాళ్ళు తమను ర్మా అనుకుంటారు. అది చెప్పగానే నేను నవ్వాను. మమ్మల్నీ అందరూ లంబాడీ అంటారు, మాలో మేము గోర్ అనుకుంటాం కదా. వాళ్ళ భాషకూ పాతకాలం నుంచి వచ్చిన లిపి లేదు, మాదానికీ లేదు.

వాళ్ళ కొత్త సంవత్సరం చలికాలం మొదట్లో వస్తుంది. ఆ పండక్కి నన్ను తమ ఊరికి తీసుకెళ్ళింది. బస్సు కొండల్లో ఎక్కుతూ ఎక్కుతూ నా చెవులు మూసుకుపోయాయి. ఊళ్ళోకి అడుగు పెట్టగానే వాళ్ళ అమ్మమ్మ నా మెడలో పొడుగాటి ఎర్ర గుడ్డ వేసింది. అతిథికి అట్లా వేస్తారట. పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. మంట మీద మూడు కాళ్ళ ఇనుప పీట. చలికి కాళ్ళు చాపబోతుంటే నా దోస్తు గబుక్కున నా మోకాలు పట్టి లాగింది. ఆ పీట మీద కాలు పెట్టకూడదు, దాన్ని దాటకూడదు. అది వాళ్ళకు దేవుడున్న చోటు. మధ్యలో ఒక కుండలో పులియబెట్టిన గింజల సారా. వెదురు గొట్టాలు వేసి, పెద్దల నుంచి మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరు పీలుస్తారు. నా వంతు వచ్చినప్పుడు నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. అమ్మమ్మ నా ఫోన్ లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని, గొట్టం నా చేతికిచ్చి ఏదో అంది. అందరూ నవ్వారు. ఆమె మాట అర్థం కాక, ఫోన్ తిరిగి తీసుకున్నాక అనువాదం యాప్ పెట్టి చూశాను. దానికి ఆ భాష రాదు. మా భాషా రాదు దానికి. ఏం తెలివో దానిది.

ఆ ఇల్లు కొత్తది. పాత రాతి ఇల్లు పెద్ద భూకంపంలో కూలిపోయింది. సిమెంటు, ఉక్కు పెట్టి మళ్ళీ కట్టుకున్నారు. లోపల పెద్ద టీవీ, స్నానాల గదిలో గీజర్, అన్నీ ఉన్నాయి. కానీ డాబా ఎక్కితే, మక్క కంకులు ఎండబెట్టిన చోటు దాటి, గోడ మీద తెల్లటి రాళ్ళు. చెక్కినవి కావు. కొండ మీద దొరికే మామూలు తెల్ల రాళ్ళు. వాళ్ళకు ఆకాశ దేవుడు అవే. పొద్దున్నే అమ్మమ్మ వాటి ముందు పచ్చి కొమ్మలు కాల్చి పొగ వేసింది. కూలిన ఇంటి మట్టి తవ్వి ఆ పాత రాళ్ళనే వెతికి తీశారట. కొత్త ఇంట్లోకి మంచాలు, బట్టలు చేరకముందే అవి పైకి చేరాయట. కొత్తవి ఎందుకు తెచ్చుకోలేదని అడిగాను. నా దోస్తు అమ్మమ్మను అడిగి చెప్పింది: "భూకంపం వచ్చింది ఇంటికి. దేవుడిని ఎందుకు మారుస్తాం?"

నేను అది మరిచిపోలేదు. ఇల్లు మార్చుకున్నారు, దేవుడిని మార్చలేదు. ఎవరో నవ్వుతారని అసలే మార్చలేదు.

ఒక ఆదివారం కాకానూ దాదినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆ వీడియోలన్నీ చూపించాను. దాది ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చూసింది.

"వీళ్ళు మన గోరేనా?"

"కాదు దాదీ. చైనాల ఉంటరు."

"మేకలున్నయా?"

"ఉన్నయ్. పండక్కి కోసిన్రు గూడ."

"మరి గోర్ గాకుండ ఎట్ల బోతరు?" అని తేల్చేసింది. తర్వాత ఆ అమ్మమ్మ ముందు కట్టుకున్న కుట్టుపని గుడ్డను రెండు వేళ్ళతో పెద్దది చేయమంది. దాదికి ఆ విద్య నేనే నేర్పాను. "కుట్టు మంచిగుంది. అద్దాలే లేవు పాపం," అంది.

కాకా మాత్రం కరగలేదు. "ఏం డాక్టరమ్మా, పట్నం సాలక చైనా దేవుణ్ణి గూడ తెచ్చి మా నెత్తిన పెడ్తవా?"

"చైనా దేవుణ్ణి తేలే కాకా. మన దేవుణ్ణి నువ్వు పంపిస్తున్నవ్, నేను ఆపుతున్న."

"ఆపు సూద్దాం. గద్దె పని రేపే మొదలు."

మొదలైంది కూడా. మిర్యాలగూడ పోయి తానే టైల్స్ ఏరుకొచ్చాడు. అద్దంలా మెరిసేవి, మొహం కనపడేవి. వేపచెట్టు చుట్టూ గద్దె లేచింది. గద్దె మీదే కాదు, ముందున్న నేల కూడా రోడ్డు దాకా టైల్సే. రాళ్ళను గోనెసంచిలో వేసి ట్రాక్టర్ షెడ్డులో పెట్టాడు. సంచి చూసి దాది ఆ పూట అన్నం ముట్టలేదు. నేను షెడ్డు ముందు నిలబడి ఒక్కటే చెప్పాను. "పండగ నాటికి ఆ ఏడూ బయటికి రావాలె కాకా. రాకపోతే నేనే తెస్త."

విగ్రహాల కోసం కోదాడకు నన్నూ తీసుకెళ్ళాడు. ఎందుకంటే నా దగ్గర ఫోన్ ఉంది, నాకు ఇంటర్నెట్ వచ్చు. హైవే పక్కన రాతి బొమ్మలు చెక్కే ఆయన. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడట, మాట మెత్తన.

"ఏడు విగ్రహాలన్నారు బాగానే ఉందండీ. ముఖాలు ఎలా ఉండాలి? చేతుల్లో ఏముంటాయి? వాహనం ఏంటి?"

కాకా నా వైపు చూశాడు. "ఫోన్ల సూడు."

చూశాను. నిజాయితీగానే వెతికాను. వేరే ఊళ్ళ దేవతలు చాలామంది వచ్చారు. మా తల్లులు ఒక్కరూ రాలేదు. కాకా ఇక దాదికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మాలో అమ్మను యాడీ అంటారు.

"యాడీ, మన అమ్మలు ఎట్లుంటరే? మొకం గిట్ల ఎట్లుంటది?"

"మొకం ఎవలు సూసిన్రురా?" అంది దాది. "నీకు కనవడ్డదా?"

శిల్పి గొంతు సవరించుకున్నాడు. "పోనీ, నా దగ్గర లక్ష్మీదేవి నమూనా ఉందండీ. అదే ఏడు తీసేస్తాను. కింద పేర్లు రాయించుకోండి."

నేను కాకా కళ్ళలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. "జర ఆగు, చెప్తా" అని బయటికి వచ్చాడు. గెలిచాననుకున్నాను. కానీ తండా చేరేసరికి, "మొకాల సంగతి నిదానంగ సూద్దాం. ఈ ఏడాదికి ఆ రాళ్ళనే గద్దె మీద పెడ్దాం" అన్నాడు. టైల్స్ మాత్రం వదలడు!

మంగళవారం వచ్చింది. పొద్దున వాన పడి తగ్గింది. ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ గుగ్గిళ్ళ గంపలు తెచ్చారు. రాళ్ళు గ్రిల్ లోపల గద్దె మీద కూర్చున్నాయి, దవాఖానలో పేషెంట్లలాగా. దాది వాటికి సున్నం పూసింది గానీ పాటలో గొంతు కలపలేదు. బలి అయ్యింది. మందను తోలారు.

ముందు నడిచేది కాకా మేకపోతు. పెద్ద కొమ్ములు, ఎవరినీ లెక్కచేయదు. టైల్స్ అంచు దాకా వచ్చి ఒక కాలు పెట్టింది. జర్రున జారింది. కాలు వెనక్కి తీసుకుని, కింద తన నీడను తానే చూసి బెదిరి, అక్కడే పాతినట్టు నిలబడిపోయింది. వెనక మంద వెనకే ఆగిపోయింది. కర్రతో అదిలించారు. ఒక ఆడమేక దూకింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయి పొట్ట మీద పడింది. అది అరిస్తే మందంతా అరిచింది.

"సంచులు పరువుర్రి!" అన్నాడు కాకా. గోనెసంచులు పరిచారు. తడి టైల్స్ మీద సంచులు కూడా జారాయి. చివరికి ఆయనే పోతును రెండు చేతులా ఎత్తుకుని, దాని కొమ్ములు గడ్డానికి తగులుతుంటే, టైల్స్ మీద అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. ఆడవాళ్ళు పాట ఆపి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

దాది గొంతు అప్పుడు లేచింది. "దాటాల్సింది మేకరా! నువ్వు గాదు!"

ఆ నవ్వు తగ్గకముందే నేను గ్రిల్ తీసి గద్దె ఎక్కాను. ఎవరినీ అడగలేదు. పెద్ద రాయిని ఎత్తుకుని, టైల్స్ దాటి, అవతల పచ్చి మట్టి మీద పెట్టాను. బరువుకు జీన్స్ నిండా బురద, సున్నం. నా వెనక ఇంకో ఆడమనిషి దిగింది, ఆమె వెనక ఇంకొకరు.

"బోర్ల పెట్టినవ్," అని దాది నన్నే తిట్టింది. "తిప్పు. రాయి మీది ఆ గీత ముంగటి దిక్కుండాలె."

తిప్పాను. దాది ఏడింటినీ తడుముతూ వరస సరిచేసింది. బలి మేక నెత్తురు కొంచెం తెచ్చి మట్టి మీద చల్లారు. కాకా పోతును కిందికి దింపాడు. అది ఒళ్ళు దులుపుకుని, ఎవరూ తోలకుండానే రాళ్ళ ముందు నుంచి నడిచిపోయింది. దాని వెనక మందంతా. దాది గుగ్గిళ్ళు వాటి వీపుల మీద చల్లుతూనే ఉంది, మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయి.

కాకా ఓడిపోయాడని అనుకోకండి. మధ్యాహ్నం పక్కన కూర్చుని తింటూ, "వచ్చేసారి జారని టైల్స్ ఉంటయట, గరుకుయి. గవి ఏపిస్త" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నేనూ నా మాట చెప్పేశాను. మిషన్ తగలకుండా చుట్టూ రాతి కడీలు పాతు, నేనే పట్టుకుంటా. లైటు పెట్టు, నల్లా పెట్టు, రోడ్డు వేయించు. రాళ్ళ జోలికీ, వాటి ముందున్న మట్టి జోలికీ మాత్రం రాకు. వచ్చే ఆషాఢానికి నా డ్యూటీ ఎక్కడ పడినా సరే, ఆ మంగళవారం నేను ఆ మట్టి మీదే ఉంటాను.

ఇది చదివి, చదువుకున్న పిల్ల రాళ్ళ కోసం ఇంత గొడవేంటి అనుకునేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. అనుకోండి. కానీ మేక కాలు ఆనని చోట మేకలను కాచే తల్లి ఉంటుందని మా తండాకు వచ్చి, మా దాది ఎదురుగా నిలబడి అనే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?