ఆ వ్యాసం ఆ అమ్మాయిదే

అరవైల మొదట్లో పిడుగురాళ్ల దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వ్యాసం రాయించడమంటే అప్పట్లో నేను బోర్డు మీద రాయడం, పిల్లలు దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించుకోవడం. ఇన్‌స్పెక్షన్ ఉందంటే తప్పులు కూడా నేనే పంచేవాణ్ణి. ఈ వరస వాళ్ళు ఈ మాట తప్పు రాయాలి, ఆ వరస వాళ్ళు ఆ మాట. వాటిని నేను ఎర్రసిరాతో దిద్దాలి. దిద్దుబాటు కనబడకపోతే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. నాది టెంపరరీ ఉద్యోగం. ఆయన వస్తాడన్న వారం నాకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు మాత్రం, ఏ ధైర్యం పుట్టిందో, తొమ్మిదో తరగతిలో అన్నాను: "మీ ఇంట్లో చూసింది మీ మాటల్లో రాసుకురండి."

ఒక్క అమ్మాయే రాసింది. మిగతావాళ్ళకు ఎప్పటిలాగే బోర్డు మీద రాసిచ్చాను. తండ్రి పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కూలి. ఆమెను బడిలో చేర్చిన రోజే ఆయన నాతో అన్నాడు: "మా వాడలో ఆడపిల్లను పెద్ద బడికి పంపింది నేనొక్కణ్ణే అయ్యా. ఒక్క మాట వచ్చినా మానిపిస్తా."

తండ్రి కంట్లో సున్నం పడితే అమ్మ నూనె చుక్క వేస్తుందని, నలుపుకోకుండా ఆయన చేతులు తాను పట్టుకుని కూర్చుంటానని రాసింది. వచ్చీరాని ఇంగ్లీషు. ఎర్రసిరా పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇన్‌స్పెక్టరు దొంతరలోంచి సరిగ్గా ఆ పుస్తకమే తీశాడు.

"ఏమండీ మాస్టారూ, అందరివీ ఒకటే. ఇదొక్కటి వేరేగా ఉందేం? దిద్దను కూడా లేదు?"

హెడ్మాస్టరు నా వంక చూశారు.

"ఎవరిచేతో రాయించుకుందండి. నేను చూడలేదు" అన్నాను.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సారే రాయమన్నారండి. నేనే రాశా."

"నేను చెప్పలేదు" అన్నాను.

వెనక బెంచీ నుంచి ఎవడో అందుకున్నాడు. "ఏమే దొరసానీ, ఎవురు రాసిచ్చారే?"

తరగతంతా నవ్వింది. నేను ఆపలేదు.

మర్నాడు హెడ్మాస్టరు తండ్రిని పిలిపించారు. ఆయన కూతురితో వచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నన్నే అడిగాడు.

"ఏంది అయ్యా, దొంగరాత రాసిందంట? మీ నోటితో చెప్పండి. మీరు ఎట్టంటే అట్ట."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. హెడ్మాస్టరు పక్కనే ఉన్నారు. నా ఉద్యోగం తేల్చే ఇన్‌స్పెక్టరు రిపోర్టు ఇంకా పైకి పోలేదు.

"అంతేనయ్యా" అన్నాను.

ఆయన నాకు దణ్ణం పెట్టి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నన్ను చూడలేదు. మళ్ళీ బడికి రాలేదు. ఆ తరువాత నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఆమె దొంగరాత రాసిందనే ఆ ఊళ్ళో చెప్పుకున్నారు. రాసింది ఆమే. రాయమన్నది నేను. ఆ మాట ఆమెకే చెప్పాలి. కానీ ఎదురుపడితే ఎలాగని, ఇరవై ఏళ్ళుగా నేను పిడుగురాళ్లలో బస్సు దిగలేదు.