కుండ లేని వామి

ఆ ఏడు మా ఇంట్లో కాఫీ చెడిపోయింది. బళ్లారిలో డిగ్రీ చదివి నేను ఊరికి తెచ్చుకున్న వాటిలో పనికొచ్చింది కాఫీ అలవాటు ఒక్కటే. అది కూడా పోతుందంటే బాధగా ఉండదా? పొద్దున్నే అమ్మ ఇచ్చే గ్లాసులో అడుగున ఉన్న సొట్ట కూడా కనబడేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏందిమ్మా ఇది? పాలు ఇంత పల్చగా ఉండాయి?"

"బర్రే పల్చగా ఉండాది. పాలు యాడ్నించి చిక్కగొస్తాయి?" అంది అమ్మ.

ఆ బర్రె మాది కాదు. మా ఇంటిని ఆనుకునే ఉన్న మా పొలం పక్క రైతుది. ఆయన కృష్ణా జిల్లా నుంచి భార్యతో, రెండు జతల ఎడ్లతో, ఒక బర్రెతో వచ్చి మా పక్కన భూమి కొన్నాడు. ఆయన భార్య రోజూ పొద్దున చెంబు నిండా పాలు తెచ్చి మా అమ్మకు పోసేది. అమ్మను వదినగారూ అని, నాన్నను అన్నయ్యగారూ అని పిలిచేది. మా ఇంట్లో ఎవరినీ ఎవరూ గారు అని పిలిచే వాడుక లేదు. మొదట్లో నాన్న ఆ పిలుపు విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేవాడు.

మా ఊరు సిరిగేరి దాటి కాలవ వెంట పోతే వస్తుంది. తుంగభద్ర కాలవలో నీళ్లు రాకముందు ఆ నేలలో జొన్న, పత్తి తప్ప ఇంకేమీ పండవని మేమే నవ్వుతూ అమ్మాం. కోస్తావాళ్లు వచ్చి మడులు కట్టి వరి పండించారు. ఆ తర్వాత మా నవ్వు కొంచెం తగ్గింది. వాళ్లు ఇళ్లు వేసుకున్న చోటును క్యాంపు అనేవాళ్లం. గుడిసెలు తీసేసి పెంకుటిళ్లు కట్టుకున్నాక కూడా అది క్యాంపే. ఎప్పుడో ఒకప్పుడు డేరాలు ఎత్తేస్తారన్న ఆశ ఆ పేరులో ఉండిందేమో.

మేమూ తెలుగువాళ్లమే. కాకపోతే తాతల నాటి నుంచి ఈ నేల మీద ఉన్నవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో ఉర్దూ, కోపం వస్తే మూడూ. ఇందులో వింత ఏమైనా ఉందని బళ్లారి వెళ్లేదాకా నాకు తెలియదు.

జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారాక బళ్లారిలో బోర్డులకు కష్టకాలం వచ్చింది. ఒక గుంపు తెలుగు బోర్డులకు తారు పూసేది. ఇంకో గుంపు కన్నడ బోర్డులకు పూసేది. కంటోన్మెంటులో నేను టిఫిను చేసే హోటలు యజమాని విసిగిపోయి, బోర్డు మీది అక్షరాలన్నీ చెరిపించి ఒక కాఫీ కప్పు బొమ్మ వేయించాడు. అది ఏ భాషో తేలక రెండు గుంపులవాళ్లూ లోపలికి వచ్చి కాఫీ తాగి పోయారు. తలలు పగిలినవాళ్లు ఆస్పత్రిలో చేరేదాకా మేము విద్యార్థులం ఇలాంటివి చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

మా ఊళ్లో బోర్డులు లేవు. ఉన్నది ఒకే దుకాణం, దాన్ని దుకాణం అనే అనేవాళ్లం. అందుచేత ఆ గాలి మా వైపు తిరిగినప్పుడు తారు డబ్బా అవసరం పడలేదు. అగ్గిపెట్టె సరిపోయింది.

మొదట క్యాంపులో చివరి ఇంటి గడ్డివామి కాలింది. కొన్నాళ్లకు ఇంకోటి. ఆ మంట మీద నీళ్లు పోయబోయిన ఒక ముసలాయన్ను కట్టెలతో కొట్టారు. ఆయన కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు. తర్వాత ఒక కొట్టం కాలింది, అందులో కట్టేసిన దూడతో సహా. కాలవ మనది, నీళ్లు మనవి, వడ్లు మాత్రం వాళ్లవా అని మా వైపు కుర్రాళ్లు కొందరు సంతలో అరుగెక్కి మాట్లాడుతుంటే మా ఊరివాళ్లు కొందరు తలూపేవాళ్లు, కొందరు బెల్లం బేరం చేసేవాళ్లు. ఆపండ్రా అన్నవాడు మాత్రం లేడు.

చీకట్లో క్యాంపువాళ్ల గడ్డిని ఎలా గుర్తుపడుతున్నారని కూడా ఎవరూ అడగలేదు. మా వైపు నడుమ ఒక గుంజ పాతి, దాని చుట్టూ తొక్కుకుంటూ గడ్డిని గుండ్రంగా పేరుస్తాం. పైన మొన తేలుతుంది. దాన్ని బణివె అంటాం. క్యాంపువాళ్ల వామి పొడుగ్గా, ఇంటి కప్పులాగ రెండు పక్కలకూ వాలుగా ఉంటుంది. ఎవరి గడ్డి ఎవరిదో గుడ్డి వెన్నెల్లో కూడా చెప్పెయ్యొచ్చు. గడ్డి ఒకటే అనుకోండి.

తగలబెట్టేదెవరో కూడా ఊరందరికీ తెలుసు. ఊరి పెద్ద గౌడ. ఆయన చిన్నకొడుకు ఆ కుర్రాళ్ల గుంపులో ఉన్నాడని మా ఎడ్లకు సైతం తెలుసు. పోలీసు ఇన్స్పెక్టరు జీపులో వచ్చి దుకాణం ముందు నిలబడి అడిగినప్పుడు మాత్రం సంగతి వేరు.

"మంట చూసినారా?"

"పొగ చూసినాం సార్."

"మనుషుల్ని?"

"పొగలో మనుషులు యాడ కనపడతారు సార్?"

ఇన్స్పెక్టరు పోతూ పోతూ ఒక శాంతి కమిటీ వేసుకోమన్నాడు. వేసుకున్నాం. మా నాన్నకు రెండు భాషలూ వచ్చు, పైగా మా అరుగు పెద్దది, అందుకని ఆయన్ను అందులో వేశారు. గౌడ అధ్యక్షుడు. రెండు భాషల్లోనూ ఉపన్యాసాలు జరిగాయి. అన్నదమ్ముల్లా ఉండాలన్నారు. మా ఊళ్లో అన్నదమ్ముల వ్యాజ్యాలు ఎన్ని కోర్టులో ఉన్నాయో తెలిసినవాళ్లు ఎవరూ నోరెత్తలేదు.

మా పక్క రైతుకున్న రెండు వాముల్లో ఒకటి అప్పటికే బూడిదైంది. మిగిలినదాన్ని ఆయన ఎడ్లకూ బర్రెకూ లెక్కగా పంచుతున్నాడు. మా కాఫీ కథ అదే. ఎండాకాలం కాలవ కట్టేస్తారు, పచ్చిగడ్డి అన్నది కంటికి కనబడదు. వానలు పడేదాకా ఆ ఒక్క వామే పశువులకు మేత. అది కూడా పోతే ఎడ్లను అమ్మాలి, ఎడ్లు లేకపోతే దున్నడం లేదు, దున్నకపోతే ఇక్కడ ఉండటం లేదు. ఒక సాయంత్రం ఆయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"అన్నగారూ, మీ బణివె పేర్చే మనిషిని ఒక్క రెండు రోజులు పంపండి. వామి విప్పేసి మీలాగ గుండ్రంగా వేయించుకుంటాను."

"యాలప్పా?" అన్నాడు నాన్న. ఎందుకో ఆయనకు తెలుసు.

"గుండ్రంగా ఉంటే వాన కారదంట గదండీ," అన్నాడు ఆయన. వానలకు ఇంకా చాలా దూరం ఉంది.

ఈ మాట గౌడకు ఎవరు చేరవేశారో గానీ మర్నాడే ఆయన వచ్చాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, పాలు పల్చనని మొహం పెట్టి, అసలు సంగతికొచ్చాడు.

"నోడప్పా, చూడు, ఆయప్ప మంచోడే. కాదనను. కానీ ఆయప్ప మన మాదిరి బణివె ఏస్తే, ఇంక క్యాంపులో అందరూ ఏస్తారు. అప్పుడు మనది ఏదో, వాళ్లది ఏదో యెట్ల తెలుస్తాది?"

"ఎవరికి తెలియాల?" అన్నాడు నాన్న.

గౌడ గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెలవదా? చిన్నపిల్లోళ్లు, ఉడుకు రక్తం. చీకట్లో ఏమరుపాటున నీ గడ్డికో, నా గడ్డికో పెట్టినారనుకో."

"నీ గడ్డికి నీ కొడుకు పెట్టడులేప్పా," అన్నాడు నాన్న.

గౌడ నవ్వాడు. కోపం రానట్టు నవ్వడం పెద్దరికంలో ఒక భాగం. వారం లోపలే శాంతి కమిటీ మళ్లీ కూర్చుని, గడ్డి పేర్చడంలో ఎవరి పద్ధతి వాళ్లు పాటించడమే పరస్పర గౌరవమని తీర్మానించింది. ఇంత మర్యాదగా ఒక మనిషి గడ్డిని అగ్గికి అప్పజెప్పడం నేను మళ్లీ చూడలేదు. నాన్న ఇంటికొచ్చి బణివె పేర్చే మనిషిని పిలిచి, "రేపు పక్కాయన పొలానికి పో" అన్నాడు.

పక్క రైతు విప్పేసిన వామి గుండ్రంగా లేచింది. మొన తేలింది. మా బణివె పక్కన నిలబెడితే ఏది ఏదో మాకే తెలియదు. ఆ రోజు పక్క రైతు భార్య పాలు కొంచెం ఎక్కువే పోసిందని అమ్మ చెప్పింది. నాన్న ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

అంతలో గౌడ బణివె మీదికి ఒక కుండ ఎక్కింది. సున్నం పూసి, మసితో చుక్కలు పెట్టిన కుండను గుంజ మొన మీద బోర్లించారు. పైరులో దిష్టికుండ పెట్టడం మా వైపు మామూలే. గడ్డికి దిష్టి తగలడం నేనప్పుడే వినడం. తర్వాత దుకాణదారు బణివెకు కుండ వచ్చింది. చూస్తుండగానే ఊళ్లో బణివెలన్నీ తెల్ల టోపీలు పెట్టుకున్నాయి. కుమ్మరి ఇంటి ముందు నిలబడ్డ ఒకాయన్ను ఉండబట్టక అడిగాను.

"ఏం మామా, ఎండుగడ్డికీ దిష్టా?"

"కాలం బాగలేదు గదప్పా," అన్నాడాయన, నా మొహం వైపు చూడకుండా.

ఊళ్లో కుండ లేనివి రెండే మిగిలాయి. మాదీ, పక్క రైతుదీ. ఆయన పొలం నుంచి వస్తూ అరుగు దగ్గర ఆగాడు.

"ఇదేం ఆచారమండీ అన్నగారూ? ఊరంతా కుండలు పెట్టేశారు?"

"దిష్టికప్పా," అన్నాడు నాన్న.

"మరి మీరు పెట్టలేదేం?"

"నాకు వాటి మీద నమ్మకం లేదు."

"అయితే మాకూ వద్దులెండి. మీకు లేనిది మాకెందుకు," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. నాన్న ఏదో చెప్పబోయినట్టు చెయ్యి ఎత్తి, ఆ చేత్తోనే మీసం దువ్వుకున్నాడు.

కుండ దిష్టికి కాదు, గుర్తుకని చెప్తే ఊరి గుట్టు పరాయివాడికి చెప్పినట్టవుతుంది. చెప్తే ఆయన కూడా కుండ పెడతాడు, అప్పుడు ఊరు ఇంకో గుర్తు వెతుక్కుంటుంది, ఆ గుర్తు మా బణివె మీద లేకుండా గౌడ చూసుకుంటాడు. నాన్న ఇదంతా ఆలోచించాడో లేదో నాకు తెలియదు. రెండు మూడు రోజులకు అన్నం దగ్గర అమ్మే ఆ మాట ఎత్తింది.

"ఊరంతా ఒక దిక్కు, మనం ఒక దిక్కు. ఎవురికోసం?"

"ఉండనీలే."

"మన ఎడ్లు ఏం తింటాయి? అగ్గి పెట్టినంక నీ కమిటీ వచ్చి మేత ఏస్తాదా? తీర్మానం ఏస్తే ఎడ్లు నములుతాయా?"

మా అమ్మ బడికి పోలేదు గానీ, కమిటీల గురించి అంత క్లుప్తంగా చెప్పినవాళ్లు మా కాలేజీలో లేరు. నాన్న చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు సాయంత్రం నేను సిరిగేరి నుంచి వచ్చేసరికి మా బణివె మీద కుండ ఉంది. చుక్కలు సరిగ్గా కుదరలేదు, ఒకటి కారింది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పంచె అంచుకు సున్నం అంటుకుని ఉంది.

తెల్లవారి లేచేసరికి వాసన వచ్చింది. వరిగడ్డి కాలిన వాసనకు నాకు తుమ్ములు వస్తాయి. తుమ్ముకుంటూనే బయటికి వచ్చాను. పక్క పొలంలో నడిమి గుంజ ఒక్కటే నల్లగా నిలబడి ఉంది. మా బణివె, దాని కుండ, అది పెట్టుకున్న చుక్కలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఊరివాళ్లు వచ్చి, చూసి, అయ్యో అని పోయారు. నిజంగానే అయ్యో అన్నారు. ఒకరిద్దరు మోపు గడ్డి పంపిస్తామని కూడా అన్నారు. గౌడ వచ్చి, శాంతి కమిటీ పిలుద్దామన్నాడు.

పక్క రైతు ఆ వారమే సంతలో ఎడ్లను అమ్మేశాడు. బర్రెను కూడా ఎవరో తోలుకుపోతారని విన్నాం. మర్నాడు పొద్దున ఆయన భార్య ఎప్పటిలాగే చెంబుతో వచ్చింది. అమ్మ గిన్నె పట్టింది. ఆవిడ చెంబు పూర్తిగా వంచి, ఆఖరి చుక్క పడేదాకా ఆగింది. పాలు పల్చగానే ఉన్నాయి.

"కూసో తల్లీ," అంది అమ్మ. ఆవిడ కూర్చోలేదు.

నాన్న అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు వస్తే ఆయన లేచిన గుర్తు నాకు లేదు.

"ఊరిడిసి పోవద్దమ్మా," అన్నాడు. "మా బణివెలో సగం గడ్డి మీకే ఇస్తా. ఆ పిల్లోళ్ల సంగతి నేను చూస్తా. ఈసారి ఇన్స్పెక్టరుకు నేనే చెప్తా, పేర్లతో చెప్తా."

ఆవిడ చెంబు చంకన పెట్టుకుంది. మా బణివె వైపు, దాని మీది కుండ వైపు ఒకసారి చూసింది.

"తగలబెట్టింది ఆ కుర్రాళ్లే అన్నయ్యగారూ," అంది. "చూపించింది మాత్రం మీరు."